ఒకే బ్యాచ్‌కి రెండు సర్టిఫికెట్లు: చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఈమెయిల్ ఆటోమేషన్ అనుభవం

2025 జూన్ చివరి వారం, పొద్దున ఆరున్నర. చిత్తూరు నుంచి ఫోన్. ఫ్యాక్టరీలో ఎక్స్‌పోర్ట్ కాగితాలు చూసే అన్న.

"ఏం తమ్ముడూ ఇది, దుబాయ్ పార్టీ మన సర్టిఫికెట్లు రెండు తిప్పి నాకే పంపించినాడు. ఒకటే బ్యాచ్. ఒకదాంట్లో బ్రిక్స్ 14.8 ఉండాది, ఇంకోదాంట్లో 15.2 ఉండాది. ఏది నిజమని అడగతా ఉండాడు. నేనేం చెప్పేది?"

బ్రిక్స్ అంటే గుజ్జులో తీపి ఎంతుందో చెప్పే లెక్క. ఆ రెండు కాగితాలూ నేను కట్టిన వర్క్‌ఫ్లో, అంటే తనంతట తాను నడిచే పనుల గొలుసు, పంపినవే. ఒక రకంగా రెండూ నిజమే. ఆ సంగతి తర్వాత చెబుతాను.

నేను తిరుపతి బైరాగిపట్టెడలో ఒక గది అద్దెకు తీసుకుని చిన్న వ్యాపారాలకి ఆటోమేషన్ పనులు చేస్తుంటాను. లాడ్జీలకి వచ్చే గది విచారణలు, కోచింగ్ సెంటర్ల ఫీజు రసీదులు, ఇట్లాంటివి. ఫారం ఒకచోట, షీటు ఇంకోచోట, మెయిల్ మరోచోట ఉంటే వాటిని కలపడం. ఏం పని చేస్తావురా అని మా అమ్మ అడిగితే, తెర మీద డబ్బాలు పేర్చి వాటి మధ్య గీతలు గీస్తానమ్మా అన్నాను. దానికి డబ్బులిస్తారా అంది. ఈ ఫ్యాక్టరీ పని ఇప్పటిదాకా చేసినవాటిలో పెద్దది. ఎక్కువ దెబ్బలు తిన్నదీ ఇందులోనే. ఏం కట్టాను, ఎక్కడ తెగింది, ఎలా ముడేశాను అన్నది రాసి పెడుతున్నాను. ఫ్యాక్టరీ పేరు రాయను. వాళ్ళు ఒప్పుకున్నది ఆ షరతు మీదే.

ఫ్యాక్టరీలో పని నడిచే తీరు

చిత్తూరు జిల్లా వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం రాస్తున్నాను. ఇక్కడి మామిడిలో తోతాపురిదే పెద్ద వాటా. కోసుకుని తినడానికంటే గుజ్జుకే ఎక్కువ పోతుంది. బంగారుపాళెం, దామలచెరువు మండీలు, ఊళ్ళలో కాయలు కొనే ర్యాంపులు, సీజన్లో ఫ్యాక్టరీ గేట్ల ముందు ట్రాక్టర్ల బారులు. పండు ఆగదు కాబట్టి ఫ్యాక్టరీ కూడా ఆగదు, రాత్రీ పగలూ షిఫ్టులే. అదీగాక 2025లో తోతాపురి ధర పడిపోయింది. ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి కిలోకి 12 రూపాయలు రైతుకి దక్కేలా ఏర్పాటు చేయాల్సి వచ్చింది. అలాంటి ఏడాదిలో చెన్నై పోర్టుకి పోవాల్సిన కంటైనర్ ఒక కాగితం కోసం ఆగితే యజమాని ముఖం ఎలా ఉంటుందో చూశాను.

ఆ కాగితం పేరు అనాలిసిస్ సర్టిఫికెట్. ప్రతి బ్యాచ్ నమూనానీ ల్యాబ్‌లో పరీక్షిస్తారు. రిఫ్రాక్టోమీటర్ మీద బ్రిక్స్, ఆమ్ల శాతం, పీహెచ్, బాస్ట్‌విక్ గాడిలో గుజ్జు 30 సెకన్లకి ఎన్ని సెంటీమీటర్లు జారిందన్న లెక్కన చిక్కదనం, నల్ల మచ్చలు. ఇవన్నీ అదే షిఫ్టులో తేలిపోతాయి. ఈస్టు, బూజు లెక్క మాత్రం 5 రోజులు పెట్టి చూడాలి. కాబట్టి ఒక్కో బ్యాచ్‌కి రెండు కాగితాలు: ముందు తాత్కాలికం, ఆ తర్వాత పూర్తిది. ఈ రెండు దశల సంగతి మొదటి మీటింగులో ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. వాళ్ళకి అది ఊపిరి పీల్చినంత మామూలు విషయం కాబట్టి చెప్పాలని తోచలేదు.

పాత పద్ధతి ఇది. ల్యాబ్ అమ్మాయి పెన్నుతో రిజిస్టర్లో రాస్తుంది. షిఫ్టు అయ్యాక ఎక్సెల్లో కొడుతుంది. పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో అన్నకి ఇస్తుంది. అన్న ఆఫీసు జీమెయిల్ నుంచి పార్టీకి పంపుతాడు. అంతకుముందు సీజన్లో ఒకసారి ఒక పార్టీ కాగితం ఇంకో పార్టీకి పోయింది. అందుకే యజమాని నన్ను పిలిపించాడు. ఆయన అడిగింది ఒక్కటే మాట: "ల్యాబ్‌లో నంబరు కొట్టిన అరగంటకి పార్టీ మెయిల్లో కాగితం ఉండాల."

గొలుసు

ల్యాబ్ ఫోన్లో గూగుల్ ఫారం. నింపగానే షీట్లో ఒక వరుస పడుతుంది. షీటుకి తగిలించిన యాప్స్ స్క్రిప్ట్ అనే చిన్న ప్రోగ్రామ్ ఆ వరుసని జేసన్‌గా (యంత్రాలు చదువుకునే రూపంలోకి) మార్చి, ఎన్8ఎన్‌లోని వెబ్‌హుక్ చిరునామాకి పోస్ట్ రిక్వెస్ట్ (డేటా మోసుకెళ్ళే వెబ్ సందేశం) పంపుతుంది. డబ్బాలు పేర్చి గీతలు గీసి వర్క్‌ఫ్లో కట్టుకునే పనిముట్టు ఎన్8ఎన్. నో-కోడ్, అంటే ప్రోగ్రామ్ రాయక్కర్లేదని బోర్డు పెట్టుకున్నా ఈ పదిహేను లైన్లు రాయక తప్పలేదు. షీటులో కొత్త వరుస పడిందా అని ఎన్8ఎన్ తనే మళ్ళీ మళ్ళీ వచ్చి చూసుకునేలా కూడా పెట్టొచ్చు. లారీ వచ్చిందా అని నిమిషానికోసారి గేటు దాకా నడిచి చూడటం లాంటిది అది. లారీవాడే హారన్ కొడితే బాగుంటుంది కదా, ఆ హారనే వెబ్‌హుక్.

ఎన్8ఎన్‌ని నెలవారీ అద్దె మీద ఒక చిన్న సర్వర్లో పెట్టాను. రిక్వెస్ట్ రాగానే దాని హెడర్‌లో (తోడుగా వచ్చే వివరాల్లో) మేం పెట్టుకున్న రహస్య పదం ఉందా లేదా అని మొదటి డబ్బా చూస్తుంది. లేకపోతే బయటికి. రెండోది బ్యాచ్ ఏ కాంట్రాక్టుదో, ఆ పార్టీ మెయిల్ ఏదో వెతుకుతుంది. మూడోది హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ నోడ్ (ఎన్8ఎన్‌లో డబ్బాని నోడ్ అంటారు): అంకెల్ని పీడీఎఫ్ చేసిచ్చే ఒక బయటి సేవకి పంపి, ఫైలు తెచ్చుకుంటుంది. నాలుగోది ఆ ఫైలుని అతికించి మెయిల్ పంపుతుంది. ఐదోది 'పంపినవి' షీట్లో ఒక వరుస రాస్తుంది. ఐదు డబ్బాలు, ఒక మధ్యాహ్నం పని. ఇంతవరకే చూపించి నో-కోడ్ ఎంత సులువో చెప్పే వీడియోలు బోలెడున్నాయి. నేనూ ఆ మధ్యాహ్నం అలాగే అనుకున్నాను.

మొదటి అవమానం మర్నాడే ఎదురైంది. ఎన్8ఎన్ వెబ్‌హుక్‌కి రెండు చిరునామాలుంటాయి, ఒకటి పరీక్షకి, ఒకటి అసలు వాడకానికి. పరీక్ష చిరునామా మనం బటన్ నొక్కిన తర్వాత 120 సెకన్లే వింటుంది. యజమాని ముందు డెమో చూపించిన ఉత్సాహంలో స్క్రిప్ట్‌లో పరీక్ష చిరునామానే వదిలేసి తిరుపతి బస్సెక్కాను. బస్సు పూతలపట్టు దాటేలోపే ఫోన్ మోగింది.

తర్వాతది గురువారాల కథ. మొదటి రూపంలో మెయిల్ జీమెయిల్ నోడ్ నుంచే పోయేది. ఒక గురువారం కట్టాను. పై గురువారం ఆగిపోయింది. మళ్ళీ లాగిన్ చేస్తే నడిచింది. ఆ పై గురువారం మళ్ళీ ఆగింది. అకౌంట్స్‌లో ఒక పెద్దాయన "మొదలుపెట్టిన ముహూర్తం చూసుకోలేదు నాయనా నువ్వు" అన్నాడు. ముహూర్తం కాదు గానీ, నిజంగానే వారం లెక్కే. గూగుల్ క్లౌడ్‌లో మనం రిజిస్టర్ చేసుకున్న యాప్ 'టెస్టింగ్' స్థితిలో ఉంటే దానికిచ్చే రిఫ్రెష్ టోకెన్, అంటే మళ్ళీ మళ్ళీ లాగిన్ అడగకుండా నడిపించే తాళంచెవి, 7 రోజులకే చెల్లకుండా పోతుంది. యాప్‌ని ప్రొడక్షన్‌కి మార్చాలి, లేదా వర్క్‌స్పేస్ (సంస్థలకి గూగుల్ ఇచ్చే) ఖాతా అయితే సంస్థ లోపలి యాప్‌గా పెట్టుకోవాలి. మెయిల్ పంపే పాత పద్ధతైన ఎస్‌ఎంటీపీ దారిలో పోదామంటే, మామూలు పాస్‌వర్డ్‌తో బయటి యాప్‌లు లాగిన్ కావడాన్ని గూగుల్ 2022లో వ్యక్తిగత ఖాతాలకి ఆపేసింది. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి.

ఇదంతా సర్దుకునే విషయమే. అయినా జీమెయిల్‌ని వదిలేసి, ఏపీఐ ద్వారా, అంటే ప్రోగ్రామ్ నేరుగా రిక్వెస్ట్ పెడితే మెయిల్ పంపే సేవకి మారాను. రోజుకి మామూలు ఖాతాకి 500, వర్క్‌స్పేస్‌కి 2000 అన్న పరిమితి మాకు అడ్డే కాదు, మా మెయిళ్ళు రోజుకి నలభై దాటవు. పంపిన మెయిల్ తర్వాత ఏమైందో తనంతట తాను తిరిగొచ్చి చెప్పే ఏర్పాటు నాకు కావాలి. అది ఎందుకు కావాలో తెలిసింది మాత్రం మొదట చెప్పిన ఆ ఫోన్ తర్వాతే.

మొదటి తూకం

గేటు పక్కన కాటా ఉంటుంది. ట్రాక్టర్ లోడుతో ఒకసారి ఎక్కుతుంది. పండు దింపాక ఖాళీగా ఇంకోసారి ఎక్కుతుంది. రెండో తూకం పడితేనే చీటీ పూర్తయినట్టు. మొదటి తూకం చూసి ఏ ఫ్యాక్టరీ డబ్బు కట్టదు. నేను సరిగ్గా అదే చేశాను, మొదటి తూకానికే బిల్లు రాసేశాను.

వెబ్ రిక్వెస్ట్‌కి 200 అని జవాబొస్తే పని అయిపోయిందనుకుంటాం. ఆ మాట ఎవరన్నారు, దేని గురించి అన్నారు అన్నది చూడం. మా గొలుసులో వెబ్‌హుక్ ఇచ్చే 200కి అర్థం 'నీ అంకెలు నాకు అందాయి' అని. మెయిల్ సేవ ఇచ్చే 202కి అర్థం 'తీసుకున్నాను, వరుసలో పెట్టాను' అని. పార్టీ సర్వర్ మెయిల్‌ని ఒప్పుకోవడం ఇంకో మెట్టు. ఒప్పుకున్నాక దాన్ని స్పామ్‌లో పడేయడం మరో సంగతి. పార్టీ మనిషి దాన్ని తెరిచి చదవడం ఏ అంకెలోకీ రాదు. ఒక్కొక్కరు తమ గేటు వరకే పూచీ పడతారు. నా ఐదో డబ్బా మాత్రం 202 రాగానే 'పంపబడినది' అని రాసుకుని నిద్రపోయేది.

ఇక ఆ రెండు సర్టిఫికెట్లు. ఆ రాత్రి పీడీఎఫ్ చేసే సేవ నత్తనడక నడిచింది. వెబ్‌హుక్ నోడ్‌లో 'చివరి డబ్బా పని అయ్యాకే జవాబివ్వు' అని పెట్టుకున్నాను. అలా అయితే అసలు ఫలితం స్క్రిప్ట్‌కి తెలుస్తుందని నా తెలివి. స్క్రిప్ట్ చూసి చూసి, జవాబు రాలేదని ఎర్రర్ రాసుకుంది. ఎర్రరొస్తే పది నిమిషాలాగి మళ్ళీ ప్రయత్నించమని దానికి చెప్పింది నేనే. ఈలోపు మొదటి రిక్వెస్ట్ మెల్లగా పూర్తయి మెయిల్ పోయింది. పది నిమిషాలకి రెండోదీ పోయింది.

ఒకే కాగితం రెండుసార్లు పోతే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. అంకె మారడంతోనే అసలు చిక్కు. రిఫ్రాక్టోమీటర్ లెక్క 20 డిగ్రీల ఉష్ణోగ్రతకి. నమూనా అంతకంటే వెచ్చగా ఉంటే అంకె తక్కువ చూపిస్తుంది, కొంత కలపాలి. 25 డిగ్రీల దగ్గర ఈ తీపికి కలపాల్సింది దాదాపు 0.4. ల్యాబ్ అమ్మాయి తొందరలో పరికరం చూపిన 14.8 కొట్టేసింది. రెండు నిమిషాలకి గుర్తొచ్చి షీట్లో 15.2గా దిద్దింది. ఆమె పని ఆమె సరిగ్గానే చేసింది. నా స్క్రిప్ట్ మాత్రం రెండో ప్రయత్నంలో వరుసని మళ్ళీ షీట్లోంచే చదివింది. అందుకే మొదటి మెయిల్లో పాత అంకె, రెండో మెయిల్లో దిద్దిన అంకె.

పార్టీకి ఉన్నదున్నట్టు రాశాం. అతను ఒప్పుకున్నాడు. ఇకపై కాగితంలో నమూనా ఉష్ణోగ్రత కూడా వేయమన్నాడు. న్యాయమైన మాట, వేస్తున్నాం.

లోపల మార్చినవి చాలానే ఉన్నాయి. వెబ్‌హుక్ ఇప్పుడు రిక్వెస్ట్ అందిన వెంటనే జవాబిచ్చేస్తుంది. అందిన అంకెల్ని ఒక పట్టికలో దించుకోవడం తప్ప అది ఇంకేం చేయదు. మిగతా పని వేరే వర్క్‌ఫ్లో ఆ పట్టికలోంచి తీసుకుని తన తీరికలో చేసుకుంటుంది. మళ్ళీ ప్రయత్నించాల్సి వస్తే పట్టికలో గడ్డకట్టిన అంకెలే పోతాయి. షీట్లో ఎవరేం దిద్దినా వాటికి సంబంధం లేదు.

ప్రతి రిక్వెస్ట్‌కీ ఒక చీటీ నంబరు పెట్టాం. బ్యాచ్ నంబరు, దశ, సవరణ సంఖ్య కలిపితే అది. ఒకే కాటా చీటీ మీద రెండుసార్లు డబ్బు కట్టరు కదా, అలాగే ఆ నంబరు ఇప్పటికే పట్టికలో ఉంటే రెండోది మాట్లాడకుండా పక్కకి పోతుంది. దీన్ని మొదట గూగుల్ షీటుతోనే చేశాను: ముందు వెతుకు, లేకపోతే రాయి. రెండు రిక్వెస్టులు ఒకే క్షణంలో వస్తే రెండూ వెతికి, రెండూ 'లేదు' అనుకుని, రెండూ రాస్తాయి. పరీక్షలో నేనే కావాలని రెండు ఒకేసారి పంపి చూశాను, అలాగే జరిగింది. అప్పుడు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌కి మారి ఆ గడికి 'రెండోసారి కుదరదు' అన్న నియమం పెట్టాను. కాపలా డేటాబేస్ చూసుకుంటుంది. షీటు మనుషులు చూసుకోవడానికి బాగుంటుంది, తాళం వేయడానికి పనికిరాదు.

దిద్దుబాటు వస్తే 'సవరణ 1, ఇంతకుముందు పంపినదానికి బదులు' అని కాగితం మీదే అచ్చవుతుంది.

రెండో తూకం కోసం ఇంకో వెబ్‌హుక్ కట్టాను. మెయిల్ సేవ ప్రతి మెయిల్‌కీ ఒక గుర్తు ఇస్తుంది. అందింది, తిరిగొచ్చింది, ఆలస్యమవుతోంది అన్న కబుర్లు ఆ గుర్తుతో సహా మనకి రిక్వెస్టుగా పంపుతుంది. ఆ కబురొస్తేనే మా పట్టికలో వరుస పచ్చబడుతుంది. అరగంటలో రాకపోతే అన్న ఫోన్‌కి మెసేజ్. ఇలా వచ్చే రిక్వెస్టుల్ని కూడా సంతకం చూడకుండా నమ్మకూడదు. ఆ చిరునామా తెలిసినవాడెవడైనా 'అందింది' అని మనకి చెప్పేయగలడు.

రాత్రి రెండింటికి నొక్కిందెవరు

ఈ గొడవ తర్వాత క్వాలిటీ హెడ్ మేడమ్ గట్టిగా చెప్పేసింది: "నేను చూడకుండా ఏ కాగితమూ గేటు దాటకూడదు." నాకూ సబబే అనిపించింది. ఏ బ్యాచ్ సిద్ధమైనా ఆమెకి ఒక మెయిల్ పోయేలా చేశాను. అందులో అంకెలు, కింద రెండు లింకులు: 'పంపు', 'ఆపు'. లింకు నొక్కితే ఎన్8ఎన్‌లో వెయిట్ నోడ్ దగ్గర ఆగిన పని మళ్ళీ కదులుతుంది. మేడమ్‌కి కొత్త యాప్ నేర్పాల్సిన పని లేదు. చాలా ముద్దొచ్చింది నాకు ఆ ఏర్పాటు.

నాలుగు రోజులు బాగానే నడిచింది. ఐదో రోజు పొద్దున మేడమ్ ఫోన్. "రాత్రి రెండింటికి ఒక బ్యాచ్ పోయింది. నేను నొక్కలేదు సార్. నా ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది, నేను నిద్రలో ఉన్నాను."

ఇంట్లో పిల్లలెవరైనా నొక్కారేమో అని అడగబోయి ఆగాను. అడగనందుకు ఇప్పటికీ సంతోషమే. లాగ్ తీసి చూస్తే, మెయిల్ పోయిన రెండు సెకన్లకే 'పంపు' లింకు తెరుచుకుంది. ఆ వెనకే 'ఆపు' కూడా తెరుచుకుంది. రెండూ ఏదో డేటా సెంటర్ ఐపీ నుంచి. మనిషి చేతికి అంత వేగం ఉండదు. ఆ వారమే ఆఫీసు మెయిళ్ళన్నీ ఒక భద్రతా స్కానర్ వెనక్కి మారాయి, ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. వచ్చే ప్రతి మెయిల్లోని లింకుల్నీ అది ముందు తను తెరిచి, లోపల వైరస్ ఏదైనా ఉందా అని చూస్తుంది. అది చేసింది తప్పు కాదు. హెచ్‌టీటీపీలో గెట్ రిక్వెస్ట్ అంటే చూడటానికి మాత్రమే, దానివల్ల దేనిలోనూ మార్పు రాకూడదు. ఆ నియమం తప్పింది నేను. తలుపు తెరిచి చూస్తేనే సంతకం పడిపోయేలా కట్టాను.

ఇప్పుడు మెయిల్లో ఒకే లింకు. తెరిస్తే అంకెలున్న పేజీ వస్తుంది, దాని మీద రెండు బటన్లు. బటన్ నొక్కితేనే పోస్ట్ రిక్వెస్ట్ పోతుంది. వెయిట్ నోడ్‌లోనే ఫారం నింపేదాకా ఆగే పద్ధతి ఉంది, దాన్నే వాడాను. లింకు ఒక్కసారికే చెల్లుతుంది, అదీ 12 గంటల్లోపు. మెయిల్ ద్వారా అనుమతి తీసుకునే పని ఎక్కడ కనిపించినా ఇప్పుడు నేను ముందు అడిగేది ఇదే: ఆ లింకుని యంత్రం తెరిస్తే ఏమవుతుంది?

ఆ రాత్రి పోయిన బ్యాచ్ అంకెలు సరిగ్గానే ఉండటం మా అదృష్టం.

పోయింది, చేరలేదు

రెండో తూకం పెట్టాక కొత్త విషయం బయటపడింది. కొందరు పార్టీలకి మెయిల్ 'అందింది' అని వస్తోంది, వాళ్ళేమో రాలేదంటున్నారు. స్పామ్‌లో ఉంది.

ఫ్యాక్టరీ డొమైన్ డీఎన్‌ఎస్ (ఆ పేరు వివరాలు ఇంటర్నెట్‌కి చెప్పే రికార్డులు) తెరిచి చూస్తే ఎస్‌పీఎఫ్ రికార్డులు రెండున్నాయి. ఒకటి వెబ్‌సైట్ కట్టినవాళ్ళు ఎప్పుడో పెట్టింది, ఇంకోటి మెయిల్ సేవ చెప్పిందని నేను పెట్టింది. ఈ డొమైన్ తరఫున ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే జాబితా అది, ఒక డొమైన్‌కి ఒకటే ఉండాలి. రెండుంటే అవతలి సర్వర్ రెండిట్నీ పక్కన పెట్టి తప్పు రికార్డు కింద లెక్కేస్తుంది. అంటే నేను చేర్చిన మంచి రికార్డు పాతదాన్ని కూడా చెడగొట్టింది. రెండిట్నీ ఒకటిగా కలిపాను. ఆ ఒక్కదాంట్లో కూడా డీఎన్‌ఎస్ వెతుకులాటలు 10 దాటకూడదు, ఎవరు చెప్పిన సేవనల్లా దాంట్లో చేర్చుకుంటూ పోతే ఆ గీత కూడా దాటేస్తాం. తర్వాత డీకిమ్, అంటే మెయిల్ ఈ డొమైన్‌దేనని రుజువు చేసే సంతకం. ఆపైన డీమార్క్, అంటే ఈ పరీక్షల్లో తప్పిన మెయిల్‌ని ఏం చేయాలో అవతలి సర్వర్‌కి చెప్పే నియమం. డీమార్క్‌ని మొదట 'ఏమీ చేయకు, రిపోర్టు మాత్రం పంపు' అన్న స్థాయిలోనే ఉంచి, రెండు వారాల రిపోర్టులు చూశాక బిగించాను.

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కి మెయిల్ పంపే ప్రతివాళ్ళకీ ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఉండి తీరాలి. రోజుకి 5000 దాటి పంపేవాళ్ళకైతే రెండూ, డీమార్క్ కూడా. మేం చిన్నవాళ్ళమే, అయినా మూడూ పెట్టుకున్నాం.

అన్నకి ఒక కోరిక ఉండేది. మెయిల్ తన సొంత జీమెయిల్ చిరునామా నుంచి వచ్చినట్టు కనిపించాలని, పదేళ్ళుగా పార్టీలందరికీ ఆ చిరునామాయే తెలుసని. కుదరదన్నా అని చెప్పడానికి కష్టమైంది. వేరే సేవ నుంచి పంపుతూ 'పంపినవారు' గడిలో జీమెయిల్ చిరునామా పెడితే, నకిలీ ఉత్తరాన్ని ఎలా చూస్తారో దాన్నీ అలాగే చూస్తారు. ఫ్యాక్టరీ డొమైన్ నుంచి పంపి, 'జవాబు ఇక్కడికి' అన్న గడిలో ఆయన చిరునామా పెట్టాను. పార్టీ రిప్లై కొడితే నేరుగా ఆయనకే పోతుంది. ఒక వారం ముభావంగా ఉండి తర్వాత మామూలయ్యాడు.

వచ్చే మెయిళ్ళ వైపు ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటాను. విచారణల పెట్టెకి ఏ మెయిల్ వచ్చినా 'మీ ఉత్తరం అందింది' అని జవాబు పోయేలా పెట్టాను. ఒక పార్టీ మనిషి సెలవు మీద పోతూ తన మెయిల్‌కి 'నేను ఆఫీసులో లేను' అన్న జవాబు తగిలించి పోయాడు. మాది వాళ్ళకి, వాళ్ళది మాకు, తెల్లవార్లూ రెండు యంత్రాలు ఒకదాన్నొకటి మర్యాదగా పలకరించుకుంటూ కూర్చున్నాయి. యంత్రం పంపిన జవాబుల హెడర్లలో 'ఆటో-సబ్మిటెడ్' అన్న గుర్తుండటం ఆనవాయితీ. అది కనిపిస్తే ఇప్పుడు మేం నోరెత్తం. ఆ గుర్తు పెట్టని మెయిల్ సర్వర్లూ ఉంటాయి కాబట్టి, ఒక చిరునామాకి రోజుకి ఒక్క పలకరింపే.

చిన్నవి ఇంకా రెండు. యజమానికి పొద్దున 7 గంటలకి పోవాల్సిన రోజువారీ లెక్క సాయంత్రం నాలుగున్నరకి పోయేది. మనం మార్చకపోతే ఎన్8ఎన్ న్యూయార్క్ టైము పట్టుకుంటుంది. షీటు అమెరికా పద్ధతిలో ఉండటం వల్ల జూలై 6న తయారైన బ్యాచ్ జూన్ 7దిగా అచ్చయింది. ఇప్పుడు కాగితం మీద నెలని అక్షరాల్లోనే వేస్తున్నాం.

ఇప్పుడు ఎలా ఉంది

ఐదు డబ్బాలు ఇరవై ఆరయ్యాయి. అందులో అసలు పని చేసేవి ఇప్పటికీ ఆ ఐదే. మిగతావన్నీ 'కాకపోతే ఏంటి' అన్న ప్రశ్నకి జవాబులు. ఎక్కడ తెగినా ఒక ఎర్రర్ వర్క్‌ఫ్లో లేచి అన్నకీ నాకూ మెసేజ్ పెడుతుంది. మొదట్లో ప్రతి చిన్నదానికీ పెట్టేది, అన్న వాటిని చూడటమే మానేశాడు. ఇప్పుడు మెషీన్ తనే మూడుసార్లు ప్రయత్నించి చేతులెత్తేసినప్పుడే పెడుతుంది. అదీ 'బ్యాచ్ ఫలానా, పార్టీ ఫలానా, మీరు చేతితో పంపండి' అని తెలుగులో.

పెన్ను రిజిస్టర్ ఆపమని ల్యాబ్‌కి నేను చెప్పలేదు. ఆపుతామని యజమాని అన్నా వద్దన్నాను. జూలైలో ఒక రాత్రి కరెంటూ నెట్టూ రెండూ పోయాయి. ఫారాల్లో ఏవి వచ్చాయో ఏవి రాలేదో ఆ రిజిస్టర్ పక్కన పెట్టుకునే సరిచూసుకున్నాం. రెండు బ్యాచ్‌లు అసలు రానేలేదు.

ఆగస్టులో సీజన్ ముగిశాక యజమాని టీ తాగుతూ కొత్త మాట ఎత్తాడు. వచ్చే సీజన్‌కి కాటా చీటీలు కూడా ఇట్లనే రైతులకి మెయిల్లో పంపుదామా అని. రైతు మెయిల్ ఎక్కడ చూస్తాడు సార్, ఎస్సెమ్మెస్ అయితే చూస్తాడు అన్నాను. ఎస్సెమ్మెస్ అంటే డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల నమోదు వ్యవస్థలో) ఫ్యాక్టరీ పేరు, హెడర్, పంపే ప్రతి వాక్యం నమూనా ముందే నమోదు చేయించాలి. దానికి కావాల్సిన కాగితాల జాబితా రాసి అన్న చేతిలో పెట్టాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివి, "ఇది మాత్రం నువ్వు ఆటోమేషన్ చేయలేవా తమ్ముడూ" అన్నాడు.